చీమకుర్తి గెలాక్సీ స్లాబుల్లో హెయిర్‌లైన్లు పట్టడానికి ఎఫ్‌పీజీఏలో మార్ఫాలజీ: బ్లాక్ ర్యామ్ అస్సలు సరిపోవట్లా, ఎట్టా?

గుండ్లకమ్మ_ఈసీఈ:

అందరికీ నమస్తే, నాది ఒంగోలు, ఈసీఈ ఫైనలియర్. కొంచెం పెద్ద పోస్టు, తిట్టుకోకుండా చదవండి.

మా మామకి చీమకుర్తిలో చిన్న పాలిష్ యూనిట్ ఉంది, ఎక్కువ గెలాక్సీనే ఆడేది. తెలియనోళ్ళకి చెప్తున్నా, నల్లరాయి, లోపల బంగారు రంగు చుక్కలు మెరుస్తుంటయ్, రామతీర్థం చుట్టుపక్కల క్వారీల్లోది. స్లాబు పాలిషయి బయటికొచ్చే చోట ఇప్పుడు ఒక పెద్దాయన నిలబడి చూస్తాడు. నీళ్ళు చల్లుతాడు, ఆరిందాకా కదలడు, రాయంతా ఆరిపోయాక కూడా ఎక్కడన్నా వెంట్రుక మందాన తడి గీత మిగిలిందా అది హెయిర్‌లైనే (సన్నటి పగులు), సుద్దముక్కతో సున్నా చుట్టి పక్కకి పెట్టిస్తాడు. ఇంకా అనుమానంగా ఉంటే చిన్న సుత్తితో కొట్టి శబ్దం వింటాడు. ఆయనకి చూపు తగ్గుతోంది, ఆయన తర్వాత అంత ఓపిక ఉన్నోళ్ళు లేరు, అందుకని కెమెరా పెడదాం మామా అని నేను నోరు జారా. అదే ఫైనలియర్ ప్రాజెక్టని కాలేజీలో కూడా రాసిచ్చేశా. ఇప్పుడు రెండు వైపులా ఇరుక్కున్నా.

సెటప్ ఏంటంటే లైన్ స్కాన్ కెమెరా (ఒక్కోసారి ఒక్క లైనే తీసేది), లైనుకి 4096 పిక్సెళ్ళు, బెల్టు మీద 2 మీటర్ల వెడల్పు వస్తది, అంటే పిక్సెల్ అర మిల్లీమీటరు లోపే. లైటు బాగా ఏటవాలుగా పెట్టా, పాలిషయిన రాయి అద్దంలాగా వెలుతురుని అవతలికి విసిరేస్తది కాబట్టి నల్లగా ఉంటది, పగులు అంచులు మాత్రం సన్నటి తెల్లగీతలాగా తేలతయ్. చిక్కల్లా గెలాక్సీ చుక్కలు కూడా అంతకంటే తెల్లగా మెరుస్తయ్.

అల్గారిదం మార్ఫాలజీ. అంటే బొమ్మ మీద ఒక చిన్న ఆకారాన్ని జరుపుకుంటా పోయి, దాంట్లో అన్నిటికంటే చిన్న విలువ తీసుకుంటే ఎరోషన్, పెద్దది తీసుకుంటే డైలేషన్, ఎరోషన్ మీద డైలేషన్ చేస్తే ఓపెనింగ్, ఆ ఆకారం పట్టనంత చిన్న తెల్లవన్నీ ఎగిరిపోతయ్. ముందు 15×15 పిక్సెళ్ళ చదరంతో ఓపెనింగ్ చేసి దాన్ని ఒరిజినల్ లోంచి తీసేస్తే టాప్‌హ్యాట్, దాంతో లైటింగ్ ఎగుడుదిగుళ్ళు పోతయ్. తర్వాత 31 పిక్సెళ్ళ గీతతో 15 డిగ్రీలకొకటి చొప్పున 12 దిక్కుల్లో ఓపెనింగ్, అన్నిట్లోకి మ్యాక్సిమమ్ తీసుకుని చివర్లో త్రెషోల్డ్ (ఒక విలువ దాటితే 1, దాటకపోతే 0). చుక్క పొట్టిది కాబట్టి 31 గీత దాంట్లో పట్టదు, ఎగిరిపోతది, పగులు పొడుగుంటది కాబట్టి ఏదో ఒక దిక్కులో నిలబడతది. పైథాన్‌లో బాగానే వచ్చింది కానీ స్లాబు మొత్తానికి నా ల్యాప్‌టాప్‌లో 40 సెకన్లు తీసుకుంటోంది. గైడ్ సార్ ఏమో రియల్ టైమ్ అంటే హార్డ్‌వేరే, ఎఫ్‌పీజీఏలో (మనకి కావలసిన సర్క్యూట్ మనమే లోపల కట్టుకునే చిప్పు) చెయ్ అన్నారు. ల్యాబులో జింక్ 7010 అనే ఎఫ్‌పీజీఏ బోర్డు ఉంది. వెరిలాగ్‌లో (సర్క్యూట్లు రాసే భాష) రాసి సింథసిస్ కొడితే, అంటే దాన్ని సర్క్యూట్‌గా మారిస్తే, చిప్పు లోపలున్న బ్లాక్ ర్యామ్ మెమరీకి పది రెట్లు పైన అడుగుతోంది. పెద్ద బోర్డు కొనే సీను లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నా?

కావలి_వెరిలాగ్:

తమ్ముడూ అన్నీ రాశావ్, అసలుది రాయలా. బెల్టు స్పీడెంత?

గుండ్లకమ్మ_ఈసీఈ:

సారీ అన్నా. నిమిషానికి మీటరున్నర. స్లాబు పొడుగు 3 మీటర్లు అనుకోండి.

కావలి_వెరిలాగ్:

సరే, అయితే కాగితం తీసుకో. నిమిషానికి మీటరున్నర అంటే సెకనుకి 25 మిల్లీమీటర్లు. పిక్సెల్ అర మిల్లీమీటరు కాబట్టి సెకనుకి 50 లైన్లు. 50 ఇంటూ 4096, సుమారు 2 లక్షల పిక్సెళ్ళు. కోట్లు కాదు, లక్షలు! మామూలు 1080పీ (1920×1080) కెమెరా 60 ఫ్రేములకి సెకనుకి 12 కోట్ల 44 లక్షల పిక్సెళ్ళు పోస్తది, దాని పిక్సెల్ క్లాకే 148.5 మెగాహెర్ట్జ్, అక్కడ ఒక్కో పిక్సెల్‌కి 7 నానోసెకన్లు కూడా ఉండదు, అలాంటి చోట ఎఫ్‌పీజీఏ లేకపోతే చచ్చిపోతాం. నీకు 100 మెగాహెర్ట్జ్ క్లాకు పెడితే ఒక పిక్సెల్‌కీ ఇంకో పిక్సెల్‌కీ మధ్య దాదాపు 490 క్లాకులు ఖాళీ. ఆ టైములో టీ తాగి రావచ్చు.

సాఫ్ట్‌వేర్ లెక్క కూడా చూడు. 12 దిక్కులు, ఒక్కో దిక్కుకి ఎరోషన్‌కి 31 డైలేషన్‌కి 31 పోలికలు, పిక్సెల్‌కి 744. రెండు లక్షలతో గుణిస్తే సెకనుకి 15 కోట్లు. రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతంత కంప్యూటర్లో నాలుగు కోర్లు 1.5 గిగాహెర్ట్జ్‌తో తిరుగుతుంటయ్, ఒక్క కోరు చాలు, అదీ సీ భాషలో శుభ్రంగా రాస్తే. ఇంకో తమాషా, 3 మీటర్ల స్లాబు నీ కెమెరా కింద నుంచి పోడానికే 2 నిమిషాలు పడతది, నీ పైథాన్ 40 సెకన్లలో తేల్చేస్తోంది. అంటే నువ్వు ఆల్రెడీ రియల్ టైమ్‌లోనే ఉన్నావ్ అబ్బయ్యా, నీకే తెలీలా :) స్లాబు మొత్తం అయ్యేదాకా ఆగకుండా 256 లైన్ల ముక్కలుగా తీసుకుని, కిందా పైనా ఓ 50 లైన్లు ఓవర్‌ల్యాప్ పెట్టుకుని చేసుకుంటా పో, అంతే.

రియల్ టైమ్ అంటే ఫాస్టని కాదు, తర్వాతి లైను వచ్చేలోపు ఈ లైను పని ఎప్పుడూ మిగలకపోవడం. ఈ ముక్క మన కాలేజీల్లో ఎవురూ చెప్పరు, నేను ఉద్యోగంలో చేరిన రెండేళ్ళకి తెలుసుకున్నా.

గుండ్లకమ్మ_ఈసీఈ:

అన్నా మీరు చెప్పింది అర్థమైంది, లెక్క చూసి నేనే నవ్వుకున్నా. కానీ ప్రాజెక్టు టైటిల్లోనే ఎఫ్‌పీజీఏ అని ఉంది, రివ్యూ వన్ అయిపోయింది, ఇప్పుడు రాస్ప్‌బెర్రీ పై అంటే సార్ ఒప్పుకోరు. నాక్కూడా వీఎల్ఎస్ఐ (చిప్ డిజైన్) సైడే వెళ్ళాలని ఉంది, మామకి పై పెట్టిస్తా, మార్కులకి ఎఫ్‌పీజీఏ చేస్తా. ఆ పది రెట్ల సంగతి ఎవరన్నా చెప్పండి.

వనామి_బ్యాచ్:

అల్లూరు నుంచి రాస్తుండా. నాది ఎలక్ట్రానిక్స్ కాదు, మాది రొయ్యల కుటుంబం, కానీ ఇదే మార్ఫాలజీతో రెండేళ్ళు కుస్తీ పట్టినోణ్ణి కాబట్టి ఓ మాట చెప్పిపోతా. మాకు హ్యాచరీ నుంచి పిల్ల వచ్చినప్పుడు లెక్క ఎప్పుడూ గొడవే. మగ్గుతో ముంచి ఒక మగ్గులో ఎన్నున్నయ్యో లెక్కబెట్టి గుణించడమే కదా, వాళ్ళ మగ్గు నిండుగా ఉంటది మన మగ్గు వెలితిగా ఉంటది. సరే అని తెల్ల ట్రేలో నీళ్ళు పోసి పిల్లని వదిలి పైనుంచి ఫోటో తీసి, రంగు తిరగేసి రొయ్యని తెల్లగా చేసుకుని, చిన్న ఓపెనింగ్ కొడితే మీసాలు కాళ్ళు పోయి ఒళ్ళు మాత్రం మిగులుతది, వాటిని లెక్కబెట్టడం.

లైబ్రరీతో చేసినంత కాలం బాగానే ఉండింది. చిన్న బోర్డులో పెట్టాలని నేనే సీ కోడు రాసుకున్నా చూడు, ఆడ మొదలైంది. ట్రే అంచులో ఉండే పిల్లలన్నీ మాయం! నాలుగు రోజులు కెమెరాని తిట్టుకున్నా. చివరికి ఏందంటే, ఎరోషన్ అంటే కిటికీలో అన్నిటికంటే చిన్న విలువ తీసుకోవడం కదా, బొమ్మ బయట పిక్సెళ్ళు లేవు కాబట్టి ఆడ సున్నా అనుకున్నా. సున్నా కంటే చిన్నదేముంటది, అంచు పొడుగూతా సున్నానే గెలిచింది, అంచునున్న రొయ్యనల్లా తినేసింది. ఎరోషన్‌కి బయట 255 పెట్టాల, డైలేషన్‌కి సున్నా పెట్టాల. మా లెక్క తక్కువ రావడంతో హ్యాచరీ ఆయన ఇంకో సంచి పిల్ల ఫ్రీగా ఇచ్చాడు, అది వేరే కథ, తర్వాత చెప్పి డబ్బులిచ్చేశా.

ఇంకోటి. అల్గారిదం రోజుకొకసారి మారతది నీకు. సాఫ్ట్‌వేర్లో అయితే నంబరు మార్చి రన్ కొట్టడమే, మీ బోర్డుల్లో ప్రతి మార్పుకీ అరగంట కంపైల్ అంట కదా. ముందు పై మీద నూరు స్లాబులు చూసుకో, నంబర్లు ఆగినయ్ అన్నాక హార్డ్‌వేరుకి పో.

పెన్నా_గట్టు:

నెల్లూరు. పన్నెండేళ్ళుగా ఇదే పని, ఇమేజ్ పైప్‌లైన్లు. కావలి అన్న లెక్క కరెక్టే, అయినా నేర్చుకోవాలనుకునే పిలకాయని పై కొనుక్కోమని పంపించేయడం నాకు నచ్చదు. రా తమ్ముడూ, కూర్చుని చేద్దాం.

నీ తప్పు కంప్యూటేషన్లో లేదు, మెమరీలో ఉంది. మార్ఫాలజీ హార్డ్‌వేర్లో కంపారేటర్లు (రెండు విలువల్ని పోల్చే సర్క్యూట్లు) దాదాపు ఉచితం, లైన్లే ఖరీదు. కెమెరా పైనుంచి కిందికి ఒక్కో లైనూ ఇస్తది, నీకు 15 లైన్ల నిలువు కిటికీ కావాలంటే పోయిన 14 లైన్లు ఎక్కడో దాచాలి. 4096 పిక్సెళ్ళు, 8 బిట్లు, ఒక లైనుకి ఒక 36 కిలోబిట్ల బ్లాక్ ర్యామ్ పూర్తిగా పోయింది, దాన్ని 4096 ఇంటూ 9గా వాడుకోవచ్చు. 7010లో అలాంటివి 60 ఉన్నయ్. నువ్వు 12 దిక్కులూ 8 బిట్లలో చేశావ్, ఒక్కో దిక్కుకి ఎరోషన్ 30 లైన్లు డైలేషన్ 30 లైన్లు, అడ్డగీత ఒక్కటి వదిలేస్తే 11 ఇంటూ 60, అక్కడే 660. పది రెట్లు ఎందుకు రాదూ.

మొదటి మార్పు: త్రెషోల్డుని చివర్నుంచి తెచ్చి టాప్‌హ్యాట్ అవ్వగానే పెట్టు. త్రెషోల్డు ముందు చేసినా వెనక చేసినా ఈ ఓపెనింగులకి జవాబు ఒకటే, ఎందుకంటే మిన్, మ్యాక్స్ రెండూ త్రెషోల్డుతో చోటు మార్చుకోవచ్చు, కాగితం మీద నాలుగు నంబర్లు వేసుకుని చూడు. ఇది ఒక్కటి చేస్తే ఆ తర్వాతదంతా పిక్సెల్‌కి ఒక బిట్టే. ఇంతకుముందు ఒక లైను పట్టే బ్లాకులో ఇప్పుడు 9 లైన్లు పడతయ్.

రెండోది ఇంకా బాగుంటది. 12 దిక్కుల ఎరోషన్‌కీ ఇన్‌పుట్ ఒకటే కదా, మరి 12 సార్లు ఎందుకు దాస్తున్నావ్? 30 లైన్లు ఒక్కసారి దాచుకో, 4 బ్లాకులు. వాటినుంచి 31×31 కిటికీ మొత్తం ఫ్లిప్‌ఫ్లాపుల్లో (ఒక్కోటి ఒక్క బిట్టు దాచేది) పెట్టేసుకో, 961 బిట్లే, 7010లో 35,200 ఉన్నయ్. ఆ కిటికీలో ఏ వాలు గీత కావాలంటే ఆ 31 బిట్లు లాగి యాండ్ చెయ్, ఎఫ్‌పీజీఏలో లాజిక్ చేసే చిన్న ముక్కల్ని లట్లంటారు, ఆరు ఇన్‌పుట్ల లట్లతో 31 బిట్ల యాండ్‌కి 6 లట్లు. 12 దిక్కులకి ఎరోషన్ యాండ్లు, డైలేషన్ ఆర్లు అన్నీ కలిపినా 144 లట్లు. 17,600 లట్లలో 144. నేను చెప్పలా, ఉచితం అని.

డైలేషన్‌కి మాత్రం ఏ దిక్కుకి ఆ దిక్కు వేరేగా దాచాలి, ఇన్‌పుట్లు వేరు కాబట్టి. కానీ అందరికీ 30 లైన్లు అక్కర్లా. అడ్డగీతకి సున్నా. 15 డిగ్రీల గీత 31 పిక్సెళ్ళు పోయేలోపు 8 లైన్లే ఎక్కుతది, 1 బ్లాకు. 30 డిగ్రీలది 17 లైన్లు, 2 బ్లాకులు. 45 నుంచి నిలువు దాకా తలా 4. అటూ ఇటూ కూడితే 34, ఇందాకటి 4 కలిపి 38.

ఇంక త్రెషోల్డుకి ముందు 8 బిట్లలో నడిచే గ్రే టాప్‌హ్యాట్. 15×15ని ఎవరూ 225 పిక్సెళ్ళ మిన్‌గా చెయ్యరు, దానికి 224 కంపారేటర్లు. నిలువు 15, అడ్డం 15 అని విడగొడితే 28. ఇంకా తగ్గించొచ్చు: పక్కపక్క రెండిటి మిన్, ఆ మిన్‌ని 2 అడుగులు వెనకదానితో కలిపితే 4కి మిన్, దాన్ని 4 అడుగులు వెనకదానితో కలిపితే 8కి, ఆ 8ని 7 అడుగులు వెనకదానితో కలిపితే సరిగ్గా 15. నాలుగంటే నాలుగు కంపారేటర్లు. నిలువుకీ అదే ట్రిక్కు పెడితే మొత్తం 8. దాచే లైన్లు మాత్రం 1, 2, 4, 7 కలిపి మళ్ళీ అదే 14, అక్కడ ఎవరూ తప్పించుకోలేరు.

కానీ నువ్వు నిలువుకి ఈ ట్రిక్కు పెట్టొద్దు! ఎందుకంటే టాప్‌హ్యాట్‌కి ఒరిజినల్ లోంచి ఓపెనింగ్ తీసెయ్యాలి, ఓపెనింగ్ బయటికొచ్చేసరికి ఎరోషన్‌లో 7 లైన్లు డైలేషన్‌లో 7 లైన్లు ఆలస్యం, ఒరిజినల్‌ని కూడా 14 లైన్లు ఆపి ఉంచాలి. అంటే ఇంకో 14 బ్లాకులు. నువ్వు ఎరోషన్‌లో నిలువు ముందు చేసి, పచ్చి పిక్సెళ్ళనే 14 లైన్లు దాచి, మామూలుగా 14 కంపారేటర్లు పెట్టావనుకో, ఆ పద్నాలుగో లైనే నీకు కావలసిన ఆలస్యమైన ఒరిజినల్, ఊరికే దొరికింది. 10 కంపారేటర్లు ఎక్కువ పోతే పోనీ, 14 బ్లాకులు మిగిలినయ్. గ్రే మొత్తానికి 28.

38 ప్లస్ 28, 66. నీ దగ్గరున్నవి 60. ఇంకో 6 ఎక్కడ తగ్గించుకుంటావో నువ్వే చూసుకో, అన్నీ నేనే చెప్తే వైవాలో ఏం చెప్తావ్.

రిటైర్డ్_మాస్టారు_అద్దంకి:

పాఠం బాగుందమ్మా. రెండు మాటలు కలుపుతాను.

ఈ గణితం పుట్టిందే రాళ్ళ కోసం అని ఈ పిల్లవాడికి ఎవరన్నా చెప్పారో లేదో. 1964లో పారిస్ గనుల విద్యాలయంలో జార్జ్ మాథెరాన్ దగ్గర జాన్ సెరా అనే విద్యార్థి ఖనిజాన్ని పలచగా కోసి ఆ కోతలో ఏ రేణువు ఎంతుందో కొలిచే పని మీద ఉండగా ఎరోషన్, ఓపెనింగ్ లాంటివి వచ్చాయి. ఆ లెక్కలకి వాళ్ళు టెక్స్చర్ అనలైజర్ అని ప్రత్యేకంగా యంత్రమే కట్టుకున్నారు. హార్డ్‌వేర్ తర్వాత వచ్చిన ముచ్చట కాదు, మొదటినుంచీ పక్కనే ఉంది. నీ రిపోర్టు ఇంట్రడక్షన్లో ఊరికే ఇమేజ్ ప్రాసెసింగ్ ప్రాముఖ్యత అని రెండు పేజీలు నింపే బదులు ఇది రాసుకో. అలాగే కిటికీ ఎంత పెద్దదైనా పిక్సెల్‌కి మూడు పోలికలతో అయ్యే పద్ధతి ఒకటుంది, 1992లో వాన్ హెర్క్, 1993లో గిల్, వెర్మన్ కలిసి, ఎవరికి వారు విడిగా చెప్పారు. సాఫ్ట్‌వేర్‌కి అది వాడుకో, పైలో నీ 744 బాగా తగ్గుతుంది.

రెండోది అసలు సంగతి. నీ పైథాన్ బాగా పని చేసింది అన్నావు. నాకు నమ్మకం లేదు. పగులు ఒక పిక్సెల్ వెడల్పు, గీతలు 15 డిగ్రీలకొకటి. రెండు దిక్కుల మధ్యలో పడ్డ పగులు దగ్గర గీతకి ఏడున్నర డిగ్రీలు పక్కకి ఉంటుంది. 31 గీత ఒక చివర నుంచి రెండో చివరకి పోయేసరికి 4 పిక్సెళ్ళు పక్కకి జరిగిపోతుంది, పగులు వెడల్పు ఒకటే కాబట్టి గీత అందులో పట్టదు, ఎగిరిపోతుంది. నీ టెస్టు ఫోటోలో పగులు అదృష్టం కొద్దీ సరిగ్గా ఏదో దిక్కులో ఉండి ఉంటుంది. త్రెషోల్డు తర్వాత 5×5తో ఒకసారి డైలేషన్ చేసి పగులుని లావు చెయ్యి, అప్పుడు 4 పిక్సెళ్ళ జరుగుడు సరిగ్గా పడుతుంది. సరిగ్గా అంటే అంగుళం ఖాళీ లేకుండా. రాయిలో పగులు స్కేలు పెట్టి గీసినట్టు పోదు కదా, కొద్దిగా వంకర తిరిగినా మళ్ళీ పోయె. అందుకని 31 ఎందుకు, 21 పెట్టు. జరుగుడు 2.6 పిక్సెళ్ళకి దిగుతుంది, వంకరకి కొంత జాగా ఉంటుంది. 21 అంటే 10 మిల్లీమీటర్లు, మీ గెలాక్సీ చుక్క లావైనా దాన్ని దాటదనే అనుకుంటున్నా, మీ మామని అడుగు.

కావలి_వెరిలాగ్:

మాస్టారూ నమస్తే, ఆ డిగ్రీల సంగతి నాకూ తట్టలా.

పెన్నా గారూ, నేను వద్దనలేదండీ, చేసేముందు లెక్క చూసుకోమన్నా, అంతే. అయినా మీ డిజైన్ క్లాకుకి ఒక పిక్సెల్ మింగేది, తమ్ముడి దగ్గర వచ్చేది 490 క్లాకులకి ఒకటి. ఏనుగుని కట్టి పాలబిందె మోయించినట్టుంది. రివ్యూలో ఎవరన్నా ఇదే అడిగితే ఏం చెప్పాలో కూడా నేర్పించండి.

పెన్నా_గట్టు:

చెప్పేదేముంది, అదే డిజైన్ లైను వెడల్పు పారామీటర్ మార్చి 1920 పెట్టి 148.5 మెగాహెర్ట్జ్‌లో టైమింగ్ మీటయిందని, అంటే ఆ వేగాన్ని సర్క్యూట్ తట్టుకుంటదని రిపోర్టు చూపించడమే. అప్పుడు ఏనుగు ఏనుగు పనే చేస్తది. 15×15 ఓపెనింగ్‌కి మొత్తం ఆలస్యం 14 లైన్లు, 1080పీలో అది 207 మైక్రోసెకన్లు. ఫ్రేము మొత్తం మెమరీలో పెట్టుకుని చేసేవాళ్ళకి ఒక ఫ్రేమే 16.7 మిల్లీసెకన్లు. ఆ తేడా ఒక్కటి చెప్తే చాలు.

గుండ్లకమ్మ_ఈసీఈ:

ఆరు వారాల తర్వాత అప్‌డేట్. మామూలుగా జనం సమస్య తీరగానే మాయమైపోతారు, నేను అట్టా చేయకూడదని వచ్చా.

ముందు మంచి వార్త, 7010లో పట్టింది! గీత 21కి దించేసరికి ఒక్కో దిక్కుకి 30 లైన్లు కాస్తా 20 అయినయ్. ఇంకోటి నేనే కనుక్కున్నా (పెన్నా గారూ, వైవాలో చెప్తా), 36 కిలోబిట్ల బ్లాకుని రెండు 18లుగా చీల్చుకోవచ్చు, ఆ సగంలో 4096 ఇంటూ 4 వస్తది. 20 లైన్లంటే 9, 9, మిగతా 2కి సగం, రెండున్నర బ్లాకులు. అట్టా కూడుకుంటా వస్తే ఒక బిట్టు భాగమంతా 5×5 డైలేషన్‌తో కలిపి 25న్నర, గ్రే 28, మొత్తం 53న్నర. డేటాని బయటి మెమరీకి పంపే డీఎంఏకి కూడా మిగిలినయ్.

ఇప్పుడు పడ్డ పాట్లు. మొదటిరోజు బొమ్మ చూస్తే ప్రతి చుక్క పక్కనా ఒక దెయ్యం చుక్క. ఒరిజినల్‌కి 14 లైన్ల ఆలస్యం ఊరికే వచ్చింది కదా అని సంబరపడ్డా, పక్కకి 14 పిక్సెళ్ళు, మళ్ళీ పైప్‌లైన్ రిజిస్టర్ల క్లాకులు కలపడం మర్చిపోయా. మూడు రోజులు పోయినయ్, కాఫీ హోటల్లో టిష్యూ మీద గీసుకుంటే దొరికింది.

రెండోది మామ ముందర పరువు పోయిన సంగతి. ఫ్యాక్టరీలో పెట్టి ఆన్ చేస్తే ప్రతి స్లాబుకీ పగులే, అదీ రెండు మీటర్ల పొడుగుది! పెద్దాయన వచ్చి తెర మీద చూసి "అది పగులు కాదు బాబూ, రాయి అంచు" అన్నాడు. బెల్టూ స్లాబూ కలిసే గీతని పట్టింది. అప్పుడు వనామి అన్న పోస్టు మళ్ళీ చదివా. కెమెరా అంచుకి 255 పెట్టా కానీ నా బొమ్మకి అంచు కెమెరా అంచు కాదు, స్లాబు అంచు. స్లాబు ఎక్కడుందో ఒక బిట్టు మాస్కు తీసి, స్లాబు బయటి పిక్సెళ్ళకి ఎరోషన్‌లో 255, డైలేషన్‌లో సున్నా ఇచ్చా (మాస్కుని కూడా అన్ని లైన్లూ ఆపాలి, అది వెంటనే గుర్తొచ్చింది ఈసారి, బ్లాకుల్లో 9వ బిట్టు ఖాళీగానే ఉంది కాబట్టి అందులోనే పంపించా). దెబ్బకి పోయింది. అంచు నుంచి మొదలయ్యే పగుళ్ళు మాత్రం నిలబడినయ్, అవే కదా ముఖ్యం.

ఇంకో సరదా, మొత్తం ఆలస్యం 36 లైన్లు, అంటే బెల్టు మీద 17.6 మిల్లీమీటర్లు. పగులున్న చోట గుర్తు పెట్టే మార్కర్ని ఎంతసేపటికి కొట్టించాలి అని టైమర్లతో తంటాలు పడుతుంటే మామ "బెల్టు ఆగితే ఏం చేస్తావ్ రా" అన్నాడు. నిజమే, ఆగితే టైము తప్పు, దూరం ఎప్పుడూ తప్పదు. ఇప్పుడు బెల్టు ఎంత దూరం జరిగిందో చెప్పే ఎన్‌కోడర్ లెక్కతో కొడుతోంది, మార్కర్‌కి సుద్దే పెట్టించాడు పెద్దాయన, పెన్ను వద్దన్నాడు.

మిగిలిపోయినవి రెండు. పాలిష్ హెడ్డు గీతలు, అవి కూడా పగుళ్ళలాగే తెల్లగా వస్తున్నయ్. ఇంకోటి, చుక్కలు బాగా ఒత్తుగా ఉన్న స్లాబుల్లో 5×5 డైలేషన్ వల్ల పక్కపక్క చుక్కలు చేతులు పట్టుకుని వరసగా నిలబడి పగులు వేషం వేస్తున్నయ్. 21కి దిగినాక ఇది ఎక్కువైంది. ఏం చెయ్యాలి?

వనామి_బ్యాచ్:

రొయ్యలు కూడా అంతే అబ్బయ్యా, ఒకదాన్నొకటి పట్టుకుని పడుకుంటయ్. లావు చేసేముందు విడదీయాల.

గీతల సంగతి ఆ పెద్దాయనే చెప్పాడుగా నీకు, నీళ్ళు. పైపైన గీతలో నీళ్ళు రాయితో పాటే ఆరతయ్, పగుల్లోకి దిగిన నీళ్ళు ఆరవు. కెమెరాని బ్లోయర్ తర్వాతకి జరిపి చూడు.

పెన్నా_గట్టు:

53న్నర చూసి చాలా సంతోషం. సగం బ్లాకుల సంగతి నువ్వు పట్టుకుంటావా లేదా అనే ఆగా.

చుక్కలకి: త్రెషోల్డు తర్వాత, 5×5కి ముందు, 3×3తో ఒక ఓపెనింగ్ పెట్టు. పగులు ఒకటో రెండో పిక్సెళ్ళు కాబట్టి 3×3 దాంట్లో పట్టదు, చుక్కలు లావు కాబట్టి చుక్కలే మిగులుతయ్. ఆ చుక్కల్ని బొమ్మలోంచి తీసెయ్, సన్నటివే ఉంటయ్, అప్పుడు లావు చెయ్. పగులు చుక్క మీదుగా పోయే చోట తెగుతది, తెగిన జాగా 4 పిక్సెళ్ళ లోపైతే నీ 5×5 అతికించేస్తది, పెద్ద చుక్కయితే ఆ ఒక్క చోట రెండు ముక్కలవుతది, ఫర్వాలా, ముక్కలు 21 దాటి ఉంటే రెండూ నిలబడతయ్. ఒరిజినల్ ఆలస్యం మళ్ళీ ఆఖరి లైన్లోంచే లాక్కో, పక్కకి 2 పిక్సెళ్ళు, క్లాకులు మర్చిపోవద్దు. మార్కర్ దూరానికి ఇంకో 2 లైన్లు కలుపు.

ఎరోషన్‌కి 2 లైన్లు, డైలేషన్‌కి 2 లైన్లు, ఒక బిట్టు చొప్పున నాలుగు, సగం బ్లాకులో పట్టేస్తయ్. 54 అవుతది, ఇంకా 6 ఉంటయ్ నీకు.